చూరు నీళ్ళు పడినంత మేర

మా చిన్నప్పుడు... వానలో మా గుమ్మం దాటడమంటే నెత్తిన కుండెడు నీళ్ళు గుమ్మరించుకోవడమే. ఫరంపేటలో మాది పెంకుటిల్లు. కప్పు వాలులు రెండూ కలిసి సరిగ్గా గుమ్మం మీదికే దిగేవి. సన్నటి జల్లు పడినా అక్కడ మాత్రం ధార కట్టేది...

మా యానాంలో ఫ్రెంచివాళ్ళు ఇంకా ఉన్న రోజులు.

అమ్మ అడిగింది ఒక్కటే. గుమ్మం మీద చూరుకి బారెడు రేకు దోనె పెట్టించమని. నీళ్ళు అందులో పడి పక్కకి పోతాయి. బజార్లో రేకుల పని చేసేవాడు ఒక్క పూటలో బిగించి వెళ్తాడు. ఇంటికి కావలసిన నీళ్ళన్నీ ఆవిడే మోసేది. వానాకాలంలో రోజుకి ఎన్నిసార్లు ఆ ధార కింద తడిసేదో నాన్నకి తెలియదు. నాకు తెలుసు.

నాన్న వద్దన్నాడు.

కారణం ఇదీ. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక మా గుమ్మం పెదనాన్న వాకిట్లోకి తెరుచుకునేది. మా చూరు నీళ్ళు ఎంత మేర పడితే అంతవరకు నేల మాది అన్నారు పెద్దలు. కాగితం రాయలేదు, రాయి పాతలేదు. నీళ్ళు పడి పడి నేల మీద ఏర్పడిన చారే హద్దు. దోనె పెడితే చార పూడిపోతుంది, అన్న ముందుకి జరుగుతాడు... అదీ నాన్న భయం. జానెడు నేల కోసం.

పైగా ఏటా వేసవిలో ఆ చారని నాచేత గునపంతో లోతు చేయించేవాడు. నేను బుద్ధిగా తవ్వేవాణ్ణి.

ఒక ఏడు ముసురు పట్టింది. అమ్మ బిందెతో వస్తోంది. ధార మొహం మీద కొట్టి కళ్ళు మూసుకుపోయాయి. కాలు ఆ చారలో పడింది. కుడి మణికట్టు విరిగింది...

ముందు పరిగెత్తుకొచ్చి లేపింది పెదనాన్నే. కట్టు కట్టించి తీసుకొచ్చాక అరుగు మీద కూర్చుని నాన్నతో అన్నాడు, "ఒరే, ఆ దోనేదో పెట్టించు. నీ జానెడు నేల నాకెందుకురా?"

అక్కడితో అయిపోవలసింది.

నాన్న మాత్రం, "ఆ మాటే కాగితం మీద రాసియ్యి అన్నయ్యా" అన్నాడు.

పెదనాన్న మొహం మాడిపోయింది. తోడబుట్టినవాడి మాట చాలదా అని లేచాడు. మనసులో ఏమీ లేకపోతే రాయడానికేమని నాన్న. అయితే దోనె నీళ్ళు తన వాకిట్లో ఒక్క చుక్క పడినా ఊరుకోనని పెదనాన్న. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అమ్మ గుమ్మంలో కూర్చునుంది. ఇద్దరూ ఆవిడ మీదుగా అరుచుకున్నారు.

"ముందు ఇద్దరూ బిందె ఎత్తుకుని ఆ నీళ్ళకింద ఒకసారి నడవండి. తరవాత రాసుకుందురుగాని" అంది అమ్మ.

ఎవరూ నడవలేదు. దోనె రాలేదు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. బిందె ఎడమ చంకకి మార్చుకుంది అమ్మ. దోనె మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మరుసటి వేసవిలో నాన్న మళ్ళీ గునపం చేతికిచ్చాడు. తవ్వనని నేను అనలేదు. తవ్వాను... నాన్న మీద కోపం ఎంతుందో, అప్పటి నా మీద కూడా అంతే ఉంది.

ఇప్పుడు ఎంత చిన్న ఇల్లు కట్టినా గుమ్మం మీద సన్‌షేడ్ ఎవరూ అడక్కుండానే వచ్చేస్తోంది. రోజులు బాగుపడ్డాయి అంటారు అందరూ. నిజమే... నాకు మాత్రం అది చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇంత తేలికైన పనా అది?

మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు అడిగి అడిగి ఊరుకున్నది ఏదో ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి... అడిగిన మనిషి పేరుతో సహా.