చౌరస్తాలో స్వరూప ఫ్లెక్సీ

మా చిన్నప్పుడు... వేములపల్లి చౌరస్తాలో మా స్వరూపకు ఫ్లెక్సీ కట్టారు. పట్టుచీర, వడ్డాణం, మెడలో గులాబీ దండ... చుట్టూ మేనమామల ఫొటోలు. స్వరూప పెద్దమనిషి అయిన సంగతి మిర్యాలగూడ బస్సెక్కే ప్రతి ఒక్కరికీ తెలిసింది.

అసలు తనకేం అయిందో స్వరూపకు మాత్రం తెలియదు.

అప్పుడు మేమిద్దరం ఎనిమిదో తరగతి, ఒకే బెంచీ. ఫంక్షన్ ఘనంగా చేశారు. టెంటు, డీజే, మటన్... నలుగు పెట్టారు, నువ్వుల ముద్దలు తినిపించారు. అది ముట్టకు, ఇటు రాకు అని చెప్పడానికి పదిమంది ఉన్నారు. ఎందుకో చెప్పడానికి ఒక్కరూ లేరు.

బడికి తిరిగొచ్చాక కూడా దానికి రక్తం ఆగలేదు. మెట్లెక్కితే ఆయాసం. మొహం పాలిపోయింది.

"గిది ఎప్పుడు బందయితదే?" అని నన్నడిగింది. నాకింకా రానేలేదు, నాకేం తెలుసు...

సరిగ్గా అప్పుడే జీవశాస్త్రంలో ఎదిగే వయసు గురించిన పాఠం వచ్చింది. సారు పేజీలు గబగబా తిప్పేసి, "గీ పాఠం ఇంటికాడ సదువుకోండ్రి" అన్నాడు. మగపిల్లలు కిసుక్కున నవ్వారు. స్వరూప లేచి నిలబడింది.

"సార్, ఒకటి అడుగుత..."

"ఆడపిల్లవు, సిగ్గు లేదా? కూసో!"

కూర్చుంది. ఆ సారు మిగతా పాఠాలన్నీ ప్రాణం పెట్టి చెప్పేవాడు. అయినా ఇప్పటికీ ఆయనంటే నాకు కోపమే.

ఇంట్లో వాళ్ల నాయనమ్మ తేల్చేసింది. "సౌరస్తల గంత పెద్ద బొమ్మ కడితిరి. ఊరోళ్ల కండ్లన్నీ పిల్ల మీదనే పడ్డయి."

అందరికీ నిజమే అనిపించింది. ఫ్లెక్సీ విప్పేశారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదే అన్నారు. మళ్లీ తిప్పారు... దవాఖాన మాట ఎత్తితే, నలుగురికీ తెలిస్తే రేపు పిల్లనెవరు చేసుకుంటారని భయం.

ఒక పొద్దున ప్రార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. మిర్యాలగూడ తీసుకెళ్లారు. డాక్టరమ్మ దాని కంటి రెప్పలు కిందికి లాగి చూసి, "ఒంట్ల రక్తమే లేదు. ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?" అని కేకలేసింది.

"అందరికి గట్లనే అయితదేమో అనుకున్నమమ్మా..." అంది వాళ్లమ్మ.

హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. నల్లగొండ దాటకముందే పోయింది.

ఆ యేడు కోతలప్పుడు వాన పడితే, కల్లంలో వాళ్ల వడ్లరాశి మీద కప్పింది ఆ ఫ్లెక్సీనే. బొమ్మ లోపలికి తిప్పి కప్పారు.

ఇప్పుడు నేను కోదాడలో ఉంటున్నాను. మొన్న మా అమ్మాయి బడిలో మీటింగ్ పెట్టారు. కొత్తగా వచ్చిన మేడమ్, ఒంట్లో వచ్చే మార్పుల గురించి, ఎవరైనా తాకితే వద్దని చెప్పడం గురించి, ఒకరినొకరు గౌరవించడం గురించి ఆడపిల్లలకూ మగపిల్లలకూ క్లాసు చెప్తానన్నారు. ఒక తండ్రి లేచి, "ఇవన్నీ పిల్లలకెందుకండీ? చెడిపోతారు" అన్నాడు. అందరూ తలలూపారు. నేను గొంతు చించుకున్నా వినలేదు. క్లాసు రద్దయింది.

బయటికొస్తే గేటు ఎదురుగానే ఆ తండ్రి కూతురి ఫ్లెక్సీ, పక్కనే ఆయన ఫొటో. పట్టుచీర, వడ్డాణం, గులాబీ దండ...

ఇంటికొచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టి అంతా నేనే చెప్పాను. స్వరూప సంగతి కూడా.

"ఆ రోజు క్లాసులో ఏం అడుగుదామని లేచింది మమ్మీ?"

"ఎప్పుడు ఆగుతుంది అని."

"అంతేనా?" అంది.

అంతే...

మా రోజుల కంటే ఇప్పుడు ఫ్లెక్సీలు పెద్దవయ్యాయి, వాటికి లైట్లు కూడా పెడుతున్నారు. ఆ పాఠం మాత్రం ఇంకా ఇంటికాడే చదువుకోవాలట. మీకు ఎవరు చెప్పారు? అసలెవరైనా చెప్పారా? కింద రాయండి... స్వరూప లాగా లేచి నిలబడి కూర్చున్నవాళ్లుంటే, ఆ రోజు ఏం అడగాలనుకున్నారో అది కూడా రాయండి.