పిట్టల కోసం ఆర్పిన పొయ్యి

బెంగ్ చువాన్ చేతుల మీద వెంట్రుకలు ఉండేవి కావు. ముప్పై ఏళ్లుగా నిప్పుల పొయ్యిలోకి మోచేతి దాకా చేతులు పెట్టి, పాకం కూరిన పిండి బిళ్ళల్ని దాని మట్టి గోడకు అంటించి కాల్చినవాడికి వెంట్రుకలెలా ఉంటాయి? కొబ్బరి పీచు పొగ వాసన పట్టిన ఆ బిళ్ళలు తంజుంగ్ లబు అనే ఆ రేవు ఊరు దాటి, దూరాన ఉన్న ఇపో పట్నం దాకా వెళ్లేవి. పొయ్యి తండ్రి కట్టింది. కొత్త సంవత్సరం పండక్కి కూడా ఆయన దాన్ని పూర్తిగా చల్లారనిచ్చేవాడు కాదు. కింద పొయ్యి, మేడ మీద కాపురం.

ఆ ఏడు ఊరికి పిట్టల పిచ్చి పట్టింది. చీకటి గదుల్లో ఉమ్మితో గూళ్లు కట్టే పిట్టలవి. ఆ గూళ్లను డబ్బున్నవాళ్లు సూపు కాచుకుని తాగుతారు. కిలో గూళ్లు అమ్మితే కొత్త మోటార్‌సైకిల్ వస్తుందని చెప్పుకునేవారు. ఒక్కొక్కరే మేడ కిటికీలను ఇటుకలతో మూసేసి, పిట్ట దూరేంత కంత వదిలి, స్పీకర్లలో పిట్టల కూతలు పెట్టసాగారు. ఆ స్పీకర్లు అమ్మే తియో, చువాన్‌కు చిన్ననాటి నేస్తం.

"అన్నా, నీ మేడ రేవు వైపుంది. ఇంతకంటే మంచి చోటు పిట్టలకు దొరకదు. ఈ పొగ ఉంటే మాత్రం ఒక్కటీ రాదు. పొయ్యి ఆర్పెయ్."

"ఆర్పేసి ఏం తినమంటావు? పిట్ట ఉమ్మా?" అంది చువాన్ భార్య గువాట్ ఎంగ్.

"ఒక్క ఏడాది ఓపిక పట్టు వదినా. ఆ తర్వాత నువ్వు పిండి ముట్టుకుంటే నన్నడుగు."

"పిట్టలు వచ్చాకే ఆర్పుదామయ్యా," అందామె భర్తతో.

"పొగ ఉంటే రావంటుంటే, వచ్చాక ఆర్పడమేమిటే?"

పొయ్యి ఆరిపోయింది. కాపురం కిందికి దిగింది. దుకాణాలవాళ్లు రెండు నెలలు చూసి, బిళ్ళలు వేరే ఊరి నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. గువాట్ ఎంగ్ చేపలు ఎండబెట్టే పనికి కుదిరింది.

పిట్టలు కుదురుకునేదాకా, ఏడాది పాటు మేడ తలుపు తెరవకూడదని ఊరి నమ్మకం. అలికిడైతే ఎగిరిపోయి మళ్లీ రావట. అందుకని సాయంత్రమయ్యేసరికి యజమానులంతా కాఫీ కొట్టు ముందు చేరి, తలలెత్తి, ఎవరి కంతను వాళ్లు చూసుకునేవారు.

"నాకు నూట అరవై దూరాయి."

"నాకు రెండొందలు దాటాయిరా!"

చువాన్‌కు నూట ఎనభై. ఆ అంకె తలుచుకుంటూ ఉత్త గంజి కూడా తృప్తిగా తాగేవాడు.

ఒక సాయంత్రం గువాట్ ఎంగ్ పని నుంచి వస్తూ అక్కడ ఆగింది. చాలాసేపు ఆకాశం వంక చూసింది.

"ఏమయ్యా, తోక విరిగిన పిట్ట ఒకటుంది చూడు. ఇందాక మన కంతలో దూరింది. బయటికొచ్చి తియో ఇంట్లో దూరింది. ఇప్పుడు మందుల కొట్టువాళ్ల మేడలోకి పోయింది. మీ ముగ్గురూ దాన్నే లెక్కేసుకున్నారు."

కాఫీ కొట్టంతా గొల్లున నవ్వింది.

"అన్నా, ముందు వదినకు కళ్లజోడు కొనిపెట్టు!" అన్నాడు తియో.

అందరితో పాటు చువాన్ కూడా నవ్వాడు. ఇంటికెళ్లాక ఆమె, "ఒక్కసారి తలుపు తీసి చూద్దాం, పోయేదేముంది?" అంది. పోయేది నూట ఎనభై పిట్టలు. అతను తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఏడాది నిండిన రోజు పొద్దున్నే చువాన్ మేడ తలుపు తీశాడు. స్పీకర్లు చెవులు పగిలేలా కూస్తున్నాయి. టార్చి వెలుగులో, పిట్టలు గూళ్లు కట్టుకోవడానికి పైకప్పు కింద వరుసగా బిగించిన చెక్కలన్నీ శుభ్రంగా, కొత్తగా కనిపించాయి. మూలన మూడు గూళ్లున్నాయి. వాటిలో ఒకటి సగమే కట్టి వదిలేసింది.

కిందికి దిగి పొయ్యిలో బూజు దులిపాడు. లోపలికి చెయ్యి పెట్టినప్పుడు మోచేతి మీద మొలిచిన వెంట్రుకలకు మసి అంటుకుంది. కొబ్బరి పీచు వేసి నిప్పు పెట్టాడు. ఏడాదంతా ఉప్పుగాలి తేమ పీల్చిన మట్టి అది. నెమ్మదిగా కాచాలని అతనికి తెలుసు. కానీ దుకాణాలు తెరిచే వేళకు ఒక్క వాయి అయినా దించాలన్న తొందరలో పీచు మీద పీచు వేశాడు.

ఠప్పుమని చప్పుడైంది. పైనుంచి కింది దాకా పగులు పారింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న గువాట్ ఎంగ్ ఆగి చూసింది. ఆ పగుల్లోంచి పొగ వీధిలోకి పోతోంది.

"చేపల దగ్గర ఇంకో మనిషి కావాలంటున్నారు," అంది. "వస్తావా?"