కిటికీలు తెరిచినంక

తరగతిల గాలాడాలె, కిటికీలు తెరిచిపెడుతున్నమని మునిమనుమరాలి బడి నుంచి మెసేజ్ అచ్చింది.

నా ఈడోళ్లారా, దెగ్లూర్ దిక్కు మన కూలోళ్ల పిల్లలను అంటరానోళ్లని బడి లోపలికి రానియ్యకపోతుండె, యాదికున్నదా? వసారాల తడి గోనెపట్ట మీద కూసొని, ఓరగ మూసిన కిటికీ సందుల నుంచి పాఠం ఇంటుంటిమి. ఆ గోనె వాసన ఇంక ముక్కులనే ఉన్నది.

ఒకనాడు తనిఖీకి అచ్చిన సాహెబ్ లోపలి పిల్లలను చూసి, "వీళ్లకు గాలి కావాలె, కిటికీలన్నీ తెరువుండ్రి" అన్నడు.

ఆయన పోంగనే గురూజీ మా దిక్కు తిరిగిండు. "ఇగ గాలి మిమ్మల్ని తాకి లోపలికస్తది. కిటికీ లేని గోడ ఎనక కూసోండ్రి."

గోడ ఎనక పాఠం ఇనబడలే.

నేను చెప్తుంటె ఇది ఫోన్‌ల రాస్తున్న మునిమనుమరాలు అడుగుతున్నది, "ఎందాక సదివినవ్ తాతా?"

కిటికీలు తెరిచేదాక, బిడ్డా.