వదులైన జాకెట్లు

తెలంగాణ రాకముందు, నాచారంలో నేను జాకెట్లు కుట్టే రోజుల్లో, ఫ్యాక్టరీ నుంచి ఉప్పల్‌కు ఇంటికి వెళ్తూ ఒక అక్క మా షాపులో ఆగేది. లావుగా ఉండేది. ఎవరూ ఏమీ అనకముందే తనే నవ్వేది.

"మళ్ల బిగుతైంది చెల్లే, జర కుట్లు విప్పు."

ఒకసారి అందరి ముందూ, "విప్పనీకి బట్టనే లేదక్కా, జర నోరు కట్టుకో" అనేశాను. దానికీ నవ్వింది.

తర్వాత మూడు నెలలు రాలేదు. వచ్చినప్పుడు సగమైపోయి ఉంది. జాకెట్లన్నీ బిగించాలంది.

"మస్తు తగ్గినవక్కా! ఏం జేసినవ్?" అంటూ చప్పట్లు కొట్టాను.

అప్పుడూ నవ్వబోయింది.

"మీ బావ పోయిండు చెల్లే. ఒక్కదాన్నే కూసుంటే బువ్వ దిగుతలేదు."

చప్పట్లు కొట్టిన చేతులు కిందికి దించాను. జాకెట్లు అందుకుని, "గురువారం రా అక్కా" అన్నాను.