ఎండకు కరువు

నా చిన్నప్పుడు అనంతపురం జిల్లాలో అనంతంగా దొరికేది ఎండ ఒక్కటే. వాన పిలిచినా వచ్చేది కాదు. ఎండ మాత్రం పిలవకుండానే నెత్తినెక్కి కూర్చునేది. అలాంటి చోట, ధర్మవరంలో, మా పక్కింటి అక్కకు ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయి.

ఆమె ఆ ఇంటి కోడలు. వేడిగాలికి పట్టుపోగులు తెగుతాయని కిటికీలు మూసి, తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆమెను గుంటమగ్గంలో కూర్చోబెట్టేవాళ్ళు. లేవాలంటే గోడ పట్టుకునేది. నడిస్తే బాతులా ఊగేది. రోజూ కాసేపు ఎండలో కూర్చోకపోతే కాళ్ళు పడిపోతాయని డాక్టరు చెప్పాడు. మగ్గం ఆగుతుందని అత్త ఒప్పుకోలేదు.

మా అవ్వ ఒక ఉపాయం పన్నింది. మా మెట్టచేనికి విత్తనపు వేరుశనక్కాయలు చేత్తో వలవాలి. ఇరుగుపొరుగు సాయమడిగితే కాదనలేరు కదా, ఆ సాకుతో పొద్దునపూట అక్కను మా మిద్దె మీదికి పిలిపించుకునేది. నేనూ వలిచేదాన్ని, ఆ ఏడు విత్తనం చేనికంటే నా కడుపులోనే ఎక్కువ పడింది. అక్క కాళ్ళు చాపుకొని, మోచేతులదాకా రవిక చేతులు మడుచుకొని, కళ్ళు మూసుకునేది. ఒకరోజు గోడ పట్టుకోకుండానే మెట్లెక్కింది.

అప్పుడే అత్త వచ్చింది. నవ్వుతూ వచ్చి అవ్వతో అంది:

"ఏమక్కా, మూటలు మా ఇంటికే పంపితే కాదా? పగలు మగ్గం ఉండాది. రాత్రిపూట ఊరకే పండుకునే బదులు మా కోడలు వలుస్తాదిలే."

అవ్వ నిజం చెప్పేసింది.

"కాయలు పోతే పోనీ తల్లీ. ఆ పిల్లకు ఎండ తగలాలనే పిలిచినా."

అత్త మిద్దె అంచుకు పోయి వీధిలోకి అరిచింది. "వింటిరా అప్పా! ధర్మవరంలో మా కోడలికి ఎండ కరువంట!"

వీధంతా నవ్వింది. అక్క కూడా నవ్వబోయింది.

"ఒప్పుకున్న పని ఎగ్గొట్టే కొంప కాదు మాది" అంటూ అత్త మూటను అక్క నెత్తికే ఎత్తింది.

ఇక పగలు మగ్గం, రాత్రి కాయలు. వానలు మొదలయ్యేనాటికి అక్క మగ్గం తొక్కలేకపోయింది. పనికిరాదని పుట్టింటికి పంపేశారు. కదిరి బస్సులోకి ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. అవ్వ ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు నా చక్కెరకూ మోకాళ్ళకూ మందిచ్చే డాక్టరమ్మ, డి విటమిన్ తక్కువుందంటూ నన్నూ ఎండలో కూర్చోమంటుంది. కూర్చుంటాను, నన్నెవరూ లేపరు. కానీ ఎవరికైనా మంచి చేయాలనిపించినప్పుడు మాత్రం, ముందు ఆ మనిషినే పక్కకు పిలిచి అడుగుతాను: "దీని బరువు తిరిగి నీ మీదే పడదు కదమ్మా?"