బోడగుట్ట మీద మంచు

మా పెద్దమ్మ కొడుకు పేరున్న చిత్రకారుడు. ఏ బొమ్మ చూసినా వరిపొలాలు, మిల్లు పొగ, సాగర్ కాలువ, వాటి వెనుక ఒక బోడగుట్ట, ఆ గుట్ట నెత్తిన మంచు. మన దిక్కు గుట్ట మీద మంచేమిటని బొమ్మల గురించి తెలిసినవాళ్లు చాలా రాశారు. హిమాలయాల ప్రభావమన్నారు. జపాను ప్రభావమన్నారు. ఒకాయనైతే అది చిత్రకారుడికి బాల్యంలో దొరకని పాలకు గుర్తని తేల్చాడు (మా పెద్దమ్మ ఇంట్లో ఎప్పుడూ రెండు బర్రెలకు తక్కువ లేవు). ఇవన్నీ చదివి కూడా ఇన్నేళ్లూ నోరు మెదపలేదు నేను. ఆ మంచు మొదట పోసింది నేనే.

ఆ రోజుల్లో ఫోటో అంటే జేబులోంచి తీసి నొక్కేసేది కాదు. తలంటుకొని, పౌడరు రాసుకొని, బస్సెక్కి వచ్చి, ఊపిరి బిగబట్టి దిగేది. కోదాడలో ఒక స్టూడియోలో నేను లైటు పట్టేవాణ్ణి. ఇంట్లో మాత్రం 'ఫోటోగ్రాఫర్ని' అని చెప్పుకునేవాణ్ణి. ఆ పని ఇప్పించింది ఆ పెద్దమ్మ కొడుకే, మా అన్న. అతను సూర్యాపేటలో దుకాణాలకు బోర్డులు రాస్తూ, ఎప్పటికైనా పెద్ద బొమ్మ వెయ్యాలని కలలు కనేవాడు. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు కదా, స్టూడియోల్లో ఈగలు తోలుకోవాల్సిందే. గోడలకు రంగులు, వెనుక కట్టే పరదాలకు కొత్త బొమ్మలు అన్నీ అప్పుడే. ఆ ఏడు మా కాశ్మీరు పరదాను ఎలుకలు కొట్టేశాయి. ఓనరు అన్నను పిలిపించి, "మంచి సీనరీ ఎయ్యవయ్యా, ఇది బాగుంటే చుట్టుపక్కల స్టూడియోలన్నీ నీకే చెప్తా" అన్నాడు. అన్నకు అది బతుకు మారే మాట.

వారం తిరక్కుండా పరదా తయారైంది. చూసి నేను కొయ్యబారిపోయాను. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఏం కనిపిస్తుందో అది ఉన్నదున్నట్టు దింపాడు. నాటేసిన మళ్లు, తాటిచెట్లు, మిల్లు గొట్టం, మఠంపల్లి దిక్కు సున్నపురాయి గుట్ట.

"అన్నా, గిది రోజూ సూసేదే గదా?"

"సూస్తరు తమ్మీ. ఎవ్వలూ సక్కగ సూడరు."

నాకు ఆ మాట ఎక్కలేదు.

మూఢం వెళ్లిన రెండో రోజు ఓనరు, కట్టిన కొత్త పరదా ఇంకా చూడకుండానే, మిర్యాలగూడలో పెళ్లికి పోయాడు. మధ్యాహ్నం హాలియా నుంచి కొత్త జంట, వెంట పెళ్లికొడుకు మేనత్త దిగారు. మేనత్త పరదా చూసి చెంగు దోపింది.

"ఏందయ్యా గిది? మా పొలమే మాకు సూపిస్తున్నవా? గీ బోడగుట్ట ముంగట నిలవడనీకి గింత దూరం బస్సుల రావాల్నా? మంచుకొండల్ లేవా నీ తాన?"

సీజన్లో మొదటి బోణీ. వెనక్కి పోతే ఓనరు నా చర్మం ఒలుస్తాడు. "తిని రాండ్రి అత్తమ్మా, ఇంకోటి కడత" అనేశాను. కట్టడానికి ఇంకోటి లేదు. మూలన గోడలకు వేయగా మిగిలిన తెల్ల డిస్టెంపర్ మాత్రం ఉంది. కుంచె పెద్దది, నా ధైర్యం ఇంకా పెద్దది. గుట్ట నెత్తిన దట్టంగా పూశాను. అది కారి మడి దాకా వచ్చింది. వేళ్లతో సర్దబోతే ఇంకా పరుచుకుంది. దూరం నుంచి చూస్తే, మీరు నమ్మండి నమ్మకపోండి, నిజంగా మంచే.

తిరిగొచ్చిన మేనత్త "గిట్లుండాలె!" అని చంకలు గుద్దుకుంది. పెళ్లికొడుకు కొత్త సూటులో నిలబడ్డాడు. "జర ఎనుకకు జరుగు బావా" అన్నాను. జరిగాడు. ఇంకా జరిగాడు. పెళ్లికూతురికి చోటిద్దామని పక్కకు తిరిగాడు. గుట్ట నెత్తి బోడిగా ఉంది. మంచంతా ఆయన వీపు మీద ఉంది.

మేనత్త అరిచిన అరుపుకు పక్క హోటల్లో టీ తాగేవాళ్లు కూడా వచ్చారు. సరిగ్గా అప్పుడే ఓనరు దిగాడు. సరిగ్గా అప్పుడే, కొడుకు వేసిన పెద్ద బొమ్మ చూద్దామని మా పెద్దమ్మ, ఆమెను తీసుకొని అన్న గడపలో అడుగుపెట్టారు.

"ఎవడి పనిరా ఇది?" అన్నాడు ఓనరు పరదా చూపించి నన్ను.

"పెయింటరన్నది" అన్నాను. అబద్ధం కాదు, పరదా వేసింది అన్నే. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

"ఈ తెలుపు నాది కాదు సార్" అన్నాడు అన్న.

"నీది కాకపోతే ఆకాశం నుంచి పడిందా? తాటిచెట్టు పక్కన మంచు పడుద్దా? ఆరని రంగేసి నా సీజను ముంచావు! నీకు కుంచె ఇచ్చినోణ్ణి అనాలి!"

పెద్దమ్మ బొమ్మను చూసింది, కొడుకును చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న నా వైపు చూశాడు. నేను బల్బు బిగిస్తున్నట్టు నటించాను. ఆ తర్వాత ఏ స్టూడియో వాడూ అతనికి పరదా ఇవ్వలేదు. ఎన్నో ఏళ్లు గోడల మీద 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాసుకుంటూ గడిపాడు. తల నెరిసే వయసుకు గానీ అతని బొమ్మలకు పేరు రాలేదు. పెద్దమ్మ కన్నుమూసేదాకా ఏ పండక్కి కలిసినా చెబుదామనుకునేవాణ్ణి. బువ్వ తిని వచ్చేసేవాణ్ణి.

మొన్న సూర్యాపేటలో అతని బొమ్మల ప్రదర్శన పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒక పండితుడు మంచుకొండ గురించి చాలాసేపు మాట్లాడాడు. చివర ఒక టీచరమ్మ లేచి, "సార్, మీ మీద ఎవరి ప్రభావం ఎక్కువ?" అని అడిగింది. అన్న మైకు దగ్గరికి వచ్చాడు.

"నా పరదా మీద ఎవడో డిస్టెంపర్ పోసిండమ్మా. ఓనరే పోసి నా మీద నెట్టిండనుకుంట. ఆరోజు మా అమ్మ ముంగట తలెత్తలేకపోయిన. కుంచె ముట్టొద్దనుకున్న. గని ఆ గుట్ట కండ్లకెల్లి పోలే. గింత ఎండల బతికెటోళ్లకు చల్లదనం మీద ఎంత ఆశ! అది నాకు తోచలే, ఆ పోసినోనికి తోచింది."

నాకు తోచింది చల్లదనం కాదు, బోణీ. పైగా ఓనరు చనిపోయి చాలా కాలమైంది. చెయ్యని తప్పు ఆయన మీద కూడా పడి ఉంది! జనం కాఫీలకు లేవగానే అన్నను పక్కకు లాగి చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గోడకు చేరగిలబడ్డాడు.

"నువ్వా?"

"చెప్తే నా పని పోయేదన్నా."

"నాది పోయింది గదరా."

'పోనీ అన్నా, ఇక్కడ నీకు చెప్తున్నా గదా' అని గొణిగాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు, ప్రేమతో కాదు.

"నాకు చెవుల చెప్తవా? నన్ను తిట్టింది చెవులనా? నడువు."

కాఫీ గ్లాసులతో జనం మళ్లీ కూర్చుంటుంటే నన్ను మైకు ముందు నిలబెట్టాడు. పండితుడు కాయితాలు సర్దుకుంటూ నా వైపు ఆశగా చూశాడు, ఇంకో ప్రభావం దొరుకుతుందేమోనని. తల నెరిసిన మనిషిని, పిల్లల పెళ్లిళ్లు చేసినవాణ్ణి, బడిలో పద్యం మరిచిపోయినవాడిలా నిలబడ్డాను. నా అవతారం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

"గుట్ట మీద తెల్లరంగు పోసింది నేను" అన్నాను. "ఓనరు కాదు. ఆయనకు పాపం ఏమీ తెల్వదు. పెండ్లోళ్లు వెనక్కి పోతరని భయపడి పోసిన, తిట్లు పడేటప్పుడు అంతకంటే భయపడి ఊరుకున్న. అన్నా, మా పెద్దమ్మ ముందర నీకు పడ్డ మాటలన్నీ నాకు పడాల్సినవి. ఆమె వినలేదు, నువ్వన్నా విను. తప్పైంది."