మంచం కింద పొయ్యి

పాలిటెక్నిక్ పూర్తిచేసిన కొత్తలో, లోకంలో దేన్నయినా గడుల్లో సర్దెయ్యవచ్చని నాకు గట్టి నమ్మకం. ఇంట్లో స్క్రూలను పొడవు ప్రకారం ఏడు డబ్బాల్లో పెట్టుకున్నవాణ్ణి (ఎనిమిదో డబ్బా, ఎందులోనూ ఇమడని వాటికి). అలాంటి నాకు ముమ్మిడివరం పక్క ఊళ్ళో ఇంటింటి సర్వే పని దొరికింది. చేతిలో ట్యాబ్, అందులో మూడు గడులు: ఒంటరిగా ఉండేవారు; భార్యాభర్తలూ పిల్లలూ మాత్రమే ఉండే చిన్న కుటుంబం; అందరూ కలిసుండే ఉమ్మడి కుటుంబం. కలిసున్నారో లేదో తేల్చడానికి శిక్షణలో ఒక్క ముక్క చెప్పారు: ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. అంటే మనుషుల్ని కాదు, పొయ్యిల్ని లెక్కపెడితే చాలు. ఇంతకన్నా తేలిక పని ఉంటుందా అనుకున్నాను.

ఒక గురువారం రొయ్యల చెరువుల పక్కనున్న పెంకుటింటికి వెళ్ళాను. ఇంటి పెద్దాయన మస్కట్‌లో డ్రైవరు. ఇక్కడ ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు పిల్లలు. కొడుకులు చెరువుల దగ్గరికి పోయారు. వంటగదిలో ఒక గ్యాసు పొయ్యి దగ్గర పెద్ద కోడలు, వెనక వసారాలో ఇంకో పొయ్యి దగ్గర చిన్న కోడలు, ఎడమొహం పెడమొహంగా వండుతున్నారు. "రెండు కుటుంబాలండి," అన్నాను, తీర్పు చెప్పినట్టు.

అత్తగారి ముఖం వాడిపోయింది. "అలా రాయకండి బాబూ. పొయ్యిలు వేరైన సంగతి మావారికి తెలీదండి. 'నేనొచ్చేసరికి అందరూ ఒక్క గిన్నెలోది తింటా ఉండాలే' అని మరీ చెప్పి వెళ్ళేరు. తెలిస్తే అక్కడ అన్నం మానేస్తారు."

"ఉన్నది రాయడమేనండి నా పని," అన్నాను (ఇరవై రెండేళ్ళ గొంతుతో). చిక్కేమిటంటే, ఇంటి యజమాని ఫోనుకొచ్చే ఓటీపీ చెబితే గానీ వివరాలు నమోదు కావు. ఆ ఫోను మస్కట్‌లో ఉంది.

"రేపు శుక్రవారం, వారికి సెలవు. వీడియో కాల్ చేస్తారు. అప్పుడొచ్చి మళ్ళీ చూసుకోండి," అన్నారావిడ.

మర్నాడు వెళ్ళేసరికి ఇంట్లో ఒకే పొయ్యి! దాని ముందు కోడళ్ళిద్దరూ భుజాలు రాసుకుంటూ చేపల పులుసు పెడుతున్నారు. ఫోనులోంచి పెద్దాయన "ఏం కావాలండి బాబూ?" అని ఆదరంగా అడిగారు. లెక్క తప్పితే నా నోరు ఊరుకోదు. "నిన్న ఇక్కడ రెండు పొయ్యిలున్నాయండి. ఒకటేమైంది?" అనేశాను.

"రిపేరుకిచ్చేం మావయ్యగారూ," అంది పెద్ద కోడలు. అదే క్షణంలో "మా పుట్టింటికి పంపేనండి," అంది చిన్న కోడలు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పెద్దాయన పడీ పడీ నవ్వారు. "మంచం కింద ఉందండి బాబూ! ఏడాదిగా చూస్తన్నాను. ప్రతి శుక్రవారం మంచం కిందనుంచి గ్యాసు గొట్టం కనపడతానే ఉంటది. మా ఆవిడకి ఫోను తిన్నగా పట్టుకోడం రాదు."

"తెలిసీ అడగలేదేంటండీ?" అన్నారావిడ, ఏడుపూ కోపమూ కలిపి.

"అడిగితే ఆ రెండో పొయ్యి బయటికొచ్చేస్తుంది కదే. నాకోసం వారానికోసారైనా కలిసి వండుతున్నారు. అది కూడా పోగొట్టుకోమంటావా? సరే బాబూ, ఇప్పుడేం రాస్తారు?"

వారంలో ఆరు రోజులు రెండు కుటుంబాలు, ఒక రోజు ఒకటి. ట్యాబ్‌లో అలాంటి గడి లేదు. కోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఉమ్మడే రాయండి," అంది పెద్ద కోడలు. "ఆయ్, ఉమ్మడేనండి," అంది చిన్న కోడలు, మంచం వైపు చూడకుండా. పెద్దాయన అంకెలు చెప్పారు, నేను నొక్కాను. రూలు తప్పి నేను చేసిన మొదటి నమోదు అదే (పులుసు తిని మరీ తప్పాను).

ఇప్పుడు నాకూ పెళ్ళయింది. అమలాపురంలో కింద అమ్మానాన్న, మేడ మీద మేము, ఎవరి పొయ్యి వారిది. పి.గన్నవరం నుంచి నాయనమ్మ వచ్చే రోజున మేడ మీది పొయ్యిని మంచం కిందికి తోసేది నేనే. గొట్టం మాత్రం ముందే ఊడదీసి, చుట్టి, ఎనిమిదో డబ్బా పక్కన దాచేస్తాను.